ఏడుస్తున్నది ఎవరు

డిసెంబర్ 9, సోమవారం

ఈ రోజు ఏడవలేదు.

డిసెంబర్ 10

విత్తనాల కొట్టువాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. బియ్యం డబ్బా వెనక పడి ఉంటే తీశాను. ఒక్క పేజీ కూడా ఎవరూ రాయలేదు. ఏడో తరగతి మానేశాక నేనూ ఏమీ రాయలేదు. మాట్లాడటం నాకు మొదటినుంచీ చేతకాదు. మా అమ్మ అందరితో అనేది, “దీని నోట్లో ముత్యాలుండాయి, రాలిపోతాయని తెరవదు” అని.

పాప పోయి నెల దాటింది. శ్రీకరి. గోడ పట్టుకొని నిలబడుతోంది అప్పటికి. జ్వరం వచ్చింది. ఇంతకంటే రాయను.

డిసెంబర్ 12

పాలు పూర్తిగా ఆగిపోయాయి. అప్పట్లో అత్త ఎక్కడినుంచో మల్లెపూలు తెప్పించి గుడ్డలో పరిచి రొమ్ములకు కట్టింది, పాలు ఇంకిపోవాలని. రాత్రంతా ఆ వాసన. ఇవాళ సంతలో మల్లెపూలమ్మాయి “ఒక మూర తీస్కో అక్కా” అని నా జడ దాకా తెచ్చింది. గబగబా వచ్చేశాను. పాపం ఆ అమ్మాయి ఏమనుకుందో.

ఏడవలేదు.

డిసెంబర్ 16

నిన్న ఆదివారం. ఆయన పాల వ్యాను పని ముగించుకొని తిరుపతికి వెళ్ళాడు. అక్కడ ఊరి బయట ఒక ఆశ్రమంలో ప్రతి ఆదివారం వేదాంతం చెబుతారు. పాప పోయిన తర్వాత ఎవరో తీసుకెళ్ళారు. అప్పటినుంచి ఒక్క వారమూ తప్పలేదు.

సాయంత్రం వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా దూలానికి కట్టిన చీర విప్పాడు. పాప ఉయ్యాల చీర. నా పెళ్ళికి మా అమ్మ పెట్టిన నీలం చీర. మడిచి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని ఎటు పెట్టాలో తెలియక పట్టుకొని నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు.

“ఏడుస్తా ఉండేది ఎవురు మునీ?”

నాకు అర్థం కాలేదు. “నేనే” అన్నాను.

“ఆ నేను ఎవురో సూడు. ఏడుపు వచ్చినప్పుడల్లా దాని ఎనకాల పో. ఇది ఎవురికి వచ్చింది? నాకు. ఆ నేను యాడుండాది? ఎతికితే దొరకదు. దొరకనోళ్ళకు దుఃఖం యాడిది?”

కోపంగా అనలేదు. పసిబిడ్డకు మందు తాపినట్టు మెల్లగా అన్నాడు.

అత్త వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. “తానెవురో తెలుసుకునేదానికి తిరుపతి దాకా పోవల్నా? రేషన్ కార్డు తీసి సూసుకోరా గిరీ, మీ నాయన పేరుతో సహా ఉండాది” అంది.

“అది దేహం పేరు అమ్మా.”

“అట్లనా. మరి ఆ దేహానికి సంగటి పెట్టల్నా, వద్దా?”

ఆయన నవ్వలేదు. రెండు ముద్దలు తిన్నాడు.

డిసెంబర్ 18

తెల్లవారుజామున పాలు దించి వచ్చాక ఆయన మా చేను కిందున్న వంకకు, ఆ చిన్న ఏటి దగ్గరికి వెళ్తాడు. అక్కడ ఇసుకలో కూర్చొని ధ్యానం చేస్తాడట. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి, మడతల్లో ఇసుక. ఎంత దులిపినా పోదు. ఉతికే రాయి కింద ఇసుక పేరుకుంది. ఇవాళ మోచేతుల మీద గీతలు కూడా ఉన్నాయి. “కంప గీరింది” అన్నాడు.

ధ్యానం కష్టమైన పనే.

డిసెంబర్ 23

నిన్న క్లాసులో విన్నది నాకు కూడా చెప్పాడు. చెబుతుంటే ఆయన ముఖం బాగుంటుంది. అందుకే వింటాను.

కుండను చూసేవాడు కుండ కాదు. అట్లాగే ఒంటిని చూసేవాడు ఒళ్ళు కాదు. మనసును చూసేవాడు మనసు కాదు. ఇది నేను కాదు, ఇది నేను కాదు అని ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోవాలి. చివరికి పక్కన పెట్టలేనిది ఒకటి మిగులుతుంది. అదే అసలు నేను. దానికి చావూ పుట్టుకా లేవు.

అంట్లు తోముతూ చేసి చూశాను. ఈ చేతులు నేను కాదు. సరే. ఈ ఆకలి నేను కాదు. సరే. మునిలక్ష్మి అనే పేరు నేను కాదు, అది మా అవ్వ పెట్టింది. సరే. ఒక్కొక్కటే గిన్నెల్లాగా బోర్లించుకుంటూ పోయాను. చివర్లో ఒకటి బోర్లపడలేదు. శ్రీకరి వాళ్ళమ్మ.

ఆయనకు చెప్పాను. మూడు మాటల్లోనే చెప్పాను. “అదే వాసన, మనసుకు పట్టిన పాత ముద్ర. దాన్నే తీసెయ్యల్ల” అన్నాడు. నాకే సరిగ్గా చేతకాలేదేమో.

డిసెంబర్ 24

నిద్ర గురించి కూడా చెప్పాడు. గాఢనిద్రలో పాప లేదన్న బాధ ఉండాదా? లేదు. నువ్వు మాత్రం ఉండావు గదా. అంటే బాధ నువ్వు కాదు, వచ్చి పోయేది.

ఆ మాట నిజమే. నిద్రలో ఏమీ లేదు. కానీ నాకు మెలకువ రాకముందే నా ఎడమ చెయ్యి లేస్తుంది. ఉయ్యాల ఉండే వైపు పోతుంది, ఊపడానికి. చీర తగలదు. అప్పుడు నాకు మెలకువ వస్తుంది. నాకంటే ముందు లేచేది ఆ చెయ్యి. అది ఎవరిది? ఈ సంగతి అడగాలనుకున్నాను. అడగలేదు.

డిసెంబర్ 27

ఈ రోజు ఏడవలేదు. ఎర్రగడ్డలు తరిగితే కళ్ళు మండాయి, అంతే.

జనవరి 4

అడిగేశాను. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్న మాట.

ఆ రోజు నన్ను గడప దాటనివ్వలేదు. చిన్నబిడ్డను కాల్చరు, పూడుస్తారు. తండ్రే చేతుల మీద తీసుకుపోతాడు. ఆడవాళ్ళు వెళ్ళకూడదు, ఎక్కడని అడగకూడదు. అడిగితే తల్లి మనసు అక్కడే తిరుగుతుందని, తర్వాతి కాన్పు నిలవదని అంటారు. ఆయన తువ్వాలులో చుట్టుకొని వానలోకి వెళ్ళాడు. తువ్వాలు అంచు మాత్రం కనిపించింది.

ఆయన అన్నం తింటున్నాడు. “పాపను యాడ పెట్టినావు?” అన్నాను.

ముద్ద చేతిలోనే ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

“ఆ మాట అడగొద్దు మునీ. దేహం మట్టి. మట్టి మట్టిలో కలిసింది. దాన్ని పట్టుకుంటే నువ్వు యాడికీ పోలేవు.”

నేను ఎక్కడికి పోవాలి? ఎక్కడికీ పోవాలని లేదు. అక్కడికి తప్ప.

జనవరి 5

ఏడవలేదు.

జనవరి 11

వడమాలపేట నుంచి చిన్నమామ వచ్చాడు. చెంగల్రాయుడు మామ, మా మామకు తమ్ముడు. ఆ రోజు గుంత తవ్వింది ఆయనే. మర్నాడే ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రావడం ఇదే.

కాఫీ ఇచ్చి అక్కడే నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు.

“ఏందమ్మా?”

తలుపు చాటుకు జరిగి అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

“అది ఆడోళ్ళు అడిగేది కాదు గదమ్మా.”

నేను కదలలేదు. నాకు మాటలు రావు గానీ నిలబడటం వచ్చు.

“చేను కింద వంక గట్టు మీద, కానుగ చెట్టు మొదట్లో” అన్నాడు గొంతు తగ్గించి. “గుంత తవ్వినా, మట్టి కప్పినా, ఎనక్కి తిరిగి సూడకుండా వచ్చేసినా. సూడకూడదు గదా. నీ మొగుడే నా ఎంట రాలా. కంప వేసి, రాయి పెట్టి, తడస్తా నిలబడినాడు. ఇంక నన్నేమీ అడగొద్దు తల్లీ.”

జనవరి 17

అత్త పేరంటానికి పోయిన వేళ చూసి వంకకు వెళ్ళాను.

కానుగ చెట్లు ఒకటి కాదు, గట్టు పొడుగునా ఉన్నాయి. నవంబర్లో వంక పొంగినప్పుడు మా చేను కింది మడి కూడా కోసుకుపోయింది. ఇసుక మేటలు, విరిగిన కొమ్మలు. ఏ చెట్టో ఎలా తెలుస్తుంది? ఒక్కొక్క చెట్టు దగ్గరా నిలబడ్డాను. ఒకదాని మొదట్లో నేల కొంచెం ఎత్తుగా ఉంది. పక్కన ఒక రాయి. కంప లేదు. మేకలవాళ్ళు పొయ్యిలోకి తీసుకుపోయి ఉంటారు.

ఇదే అయ్యుంటుంది. ఇదే.

గ్లాసులో తెచ్చిన పాలు పోశాను. మూడో నాడు మగవాళ్ళు పోసే పాలు. ఆలస్యమైంది, అంతే. మట్టి వెంటనే పీల్చేసింది. ఆకలితో ఉన్నట్టు.

జనవరి 20

నిన్న క్లాసు నుంచి వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

మాఘ పున్నమికి స్వామి కొందరికి కాషాయం ఇస్తున్నారట. తాను కూడా అడిగాడట. ఆశ్రమంలో గోశాల చూసుకుంటూ ఉండిపోతాడట. పెళ్ళయినవాడికి భార్య సమ్మతం లేకుండా ఇవ్వరు. ఒకసారి కట్టుకున్న తర్వాత పాత సంగతులు మాట్లాడకూడదు. ఇల్లు, ఊరు, తల్లి, భార్య, బిడ్డ, ఏదీ.

ఏదీ. అంటే ఆ చోటు కూడా. నేను పాలు పోసే చోటు అవునో కాదో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇంక చెప్పడు.

“మునీ, నీకు సమ్మతమేనా?”

అత్త ఏడుస్తోంది, తిడుతోంది. “ఒరే, నేను సచ్చినాక పోరా! ముందే పోతే నాకు కొరివి ఎవురు పెడతారు, ఆ సామి వస్తాడా?” నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

“నువ్వు కాదనలేదు. అదే సమ్మతం” అన్నాడు. ఆయన ముఖంలో భారం దిగినట్టుంది. ఈ ఇంట్లో నేను ఏ మాటకూ కాదనలేదు. పెళ్ళికి కూడా నన్ను అడిగినప్పుడు ఇట్లాగే కూర్చున్నాను. అప్పుడూ అందరూ సంతోషించారు.

జనవరి 21

అత్త పొయ్యి దగ్గర నా గడ్డం పట్టుకొని పైకెత్తింది.

“నోరు తెరువు పాపా. వద్దు అను. ఒక్క మాట. రెండు అచ్చరాలు. నీకు బొడ్డుకోసి పేరుపెట్టినోళ్ళు నాలిక పెట్టలేదా?”

“అంటాను అత్తా.”

“ఎవురితో అంటావు, ఆవుతోనా?”

జనవరి 28

ఒక సంగతి జరిగింది. రాయాలంటే భయంగా ఉంది.

పొయ్యి మీద పాలు పెట్టి, పొంగు కోసం చూస్తూ, ఆయన చెప్పినట్టే నన్ను నేనే అడిగాను. ఈ బాధ ఎవరికి? నాకు. ఆ నేను ఎవరు? అడిగి ఊరికే చూస్తూ ఉన్నాను. జవాబు రాలేదు. జవాబు చెప్పేవాళ్ళు కూడా లేరు. పాలు, మంట, పొగ. అంతే ఉన్నాయి. బాధ లేదు. కొంచెం సేపే. ఎంతో నిమ్మళంగా ఉంది.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అప్పుడు ఉలిక్కిపడ్డాను. ఆ కాసేపూ శ్రీకరి నాకు గుర్తు లేదు. అసలు పుట్టనట్టే ఉంది. ఇదేనా ఆయన వెళ్తున్న చోటు? అక్కడ ఆయనకు బాగానే ఉంటుంది. నేను కూడా వెళ్తే ఆ బిడ్డను తలుచుకునేవాళ్ళు ఎవరు?

స్వామి చెప్పేది అబద్ధం కాదు. అది తెలిసింది. తెలిశాకే నాకు భయం వేసింది.

ఫిబ్రవరి 3

అత్త చెప్పినట్టే అయింది. పాలు పితుకుతూ ఆవుతో అన్నాను. వద్దు. గట్టిగా కూడా అన్నాను. వద్దు. అది చెవులు ఊపింది. రోజూ అంటున్నాను.

ఫిబ్రవరి 7

పాలు పోసి వచ్చాను. ఆ రాయి చుట్టూ చీమలు పట్టాయి. పాపకు చీమలంటే ఇష్టం, పట్టుకోబోయేది.

ఏడవలేదు.

ఫిబ్రవరి 11

రేపే పున్నమి. ఆయన తన బట్టలు తానే ఉతుక్కొని ఆరేశాడు. వ్యాను తాళం చెవి ఓనరుకు ఇచ్చేసి వచ్చాడు. నాకేమీ భయం లేదు. రెండు అక్షరాలే కదా.

ఫిబ్రవరి 13

నిన్న రాయలేకపోయాను.

పొద్దున్నే ముగ్గురం బస్సెక్కాం. ఆయన కిటికీ పక్కన తెల్లపంచెలో కూర్చొని కళ్ళు మూసుకున్నాడు. అత్త దారి పొడుగునా ఆయన వీపు వైపు చూస్తూ గొణుగుతూనే ఉంది. ఆశ్రమం చిన్నదే. రేకుల హాలు, చాపలు, వెనకగా కొండ. స్వామి ముసలాయన. లావు కళ్ళద్దాలు, దగ్గు. నేను భయపడ్డంత పెద్దమనిషిలా లేడు.

ముందు అత్తను అడిగారు.

“నేను ఒప్పుకోను సామీ. అయినా వీడు నా మాట ఎప్పుడు విన్యాడు? సిన్నప్పుడు మజ్జిగ తాగరా అంటే గోడ దూకి పారిపోతా ఉండె.”

చాపల మీదివాళ్ళు నవ్వారు. స్వామి కూడా నవ్వి నా వైపు తిరిగారు.

“నువ్వేమంటావమ్మా?”

ఆయనే అందుకున్నాడు. “దానికి సమ్మతమే స్వామీ. నోరు తెరవదు, అంతే.”

“ఆమె మాట నీ నోటితో వద్దు నాయనా. ఆమెనే చెప్పనీ. ఎంతసేపైనా కూర్చుంటాను.”

అందరూ నన్నే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఆవుతో అన్న మాట ఎటు పోయిందో పోయింది. వచ్చింది వేరే మాట.

“పాపను యాడ పెట్టినాడో నాకు సూపించమనండి. సూపించి యాడికైనా పోనీండి.”

నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఆయన తల పైకెత్తలేదు.

“అది మట్టి స్వామీ” అన్నాడు.

“మట్టే” అన్నారు స్వామి. “ఆ మట్టి ఎక్కడుందో చెప్పడానికి నీకేం కష్టం?”

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. నాకు అలవాటైన పని అది. ఆయన చెయ్యగా ఎప్పుడూ చూడలేదు.

స్వామికి దగ్గు వచ్చింది. ఆగాక, “వెళ్ళి చూపించి రా. ఈ గుడ్డ ఎక్కడికీ పోదు” అన్నారు. తర్వాతివాళ్ళని పిలిచారు.

బస్సులో తిరిగి వచ్చాం. ఇంటికి పోకుండా నేరుగా చేను దాటాం. గట్టు దగ్గర అత్త ఆగిపోయింది. ఆడవాళ్ళు పోకూడని చోటు. మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

“పో పాపా. నేనేమీ సూడలేదు.”

ఆయన ముందు నడుస్తున్నాడు. నా కానుగ చెట్టు వచ్చింది. నేను ఆగాను. ఆయన ఆగలేదు.

“ఇది కాదా?”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. రాయి మీద ఎండిపోయిన పాల చారలు చూశాడు. నన్ను చూశాడు.

“కాదు మునీ.”

వంక తిరిగే మలుపు దాకా తీసుకెళ్ళాడు. అక్కడ గట్టు కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా ఉంది. తెగిన వేర్లు గాలిలో వేలాడుతున్నాయి. కింద ఇసుక, ఒక మడుగు. ఇంకేమీ లేదు.

“ఈడ పెద్ద కానుగ ఉండె. దాని మొదట్లో పెట్టినా. తలాపున రాయి పెట్టినా. కుక్కలు రాకుండా కంప వేసినా.” గాలిలోకి చెయ్యి చూపిస్తున్నాడు, అక్కడ ఇంకా నేల ఉన్నట్టు. “ఆ వారమే గదా వంక వచ్చింది. తెల్లారి వచ్చి సూస్తే చెట్టే లేదు.”

నేను అంచు దాకా వెళ్ళి కిందికి చూశాను.

“ఎతికినా. దినమ్మూ ఎతికినా. ఇసక తవ్వినా, రాళ్ళు తిప్పినా, కంపల్లో దూరినా. కింద చెరువు దాకా పోయినా. ఆ తువ్వాలన్నా దొరకతాదని. నీకేమని చెప్పేది? బిడ్డను సరిగ్గా పెట్టను గూడా చేతకాలేదని చెప్పల్నా?”

ఉతికే రాయి కింద పేరుకున్న ఇసుక నాకు కళ్ళ ముందుకు వచ్చింది. అదంతా నేనే దులిపాను, నేనే ఉతికాను.

“ఎతికేవాడు ఎవుడురా అని నన్ను నేనే అడగతా ఉంటే” అన్నాడు, “కొంచేపు చేతులు ఆగతా ఉండె. అందుకే పట్టుకున్నా దాన్ని.”

ఆ చేతులు చూశాను. గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ పాలక్యాన్ల వల్ల అనుకున్నాను.

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. మధ్యలో ఇంకొకరు కూర్చునేంత ఎడం. ఎండ తగ్గేదాకా అక్కడే ఉన్నాం. చేను వైపు నుంచి అత్త దగ్గింది, తాను ఇంకా అక్కడే ఉన్నానని చెప్పడానికి.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆయన తిరుపతికి వెళ్ళలేదు. వచ్చే ఆదివారం వెళ్తాడేమో తెలియదు. తెల్లపంచె కొయ్యకే ఉంది. సమ్మతమని నేను చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

పొద్దున గ్లాసు తీసుకొని బయలుదేరితే వెంట వచ్చాడు. పాత చెట్టు దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. మలుపులో పాలు పోయాలంటే నేల లేదు. మడుగులో పోశాను. నీళ్ళు కొంచెం తెల్లబడ్డాయి. మళ్ళీ మామూలయ్యాయి. పాలు ఎటు పోయాయో చూస్తూ నిలబడ్డాను.

ఈ రోజు ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. ఆయన పక్కనే ఉన్నాడు. ఏడుస్తున్నది ఎవరని అడగలేదు.